కాంక్రీటు గచ్చునకు ఆమ్లవర్ణము వేయు విధము

విద్యార్థులారా! మీలో అనేకుల యిండ్లలో ఎఱ్ఱని గచ్చు ఉండవచ్చును. పచ్చి సిమెంటుపై ఎఱ్ఱ ఆక్సైడు పొడిని చల్లి, మేస్త్రి తాపీతో నున్నగా పామి దానిని తీర్చును. ఆ రంగు గచ్చు పచ్చిగా నున్నప్పుడే దానిలో కలియవలెను. ఇదివరకే గట్టిపడి, బూడిదవన్నెతో వెలవెలబోవుచున్న కాంక్రీటు గచ్చునకు రంగు నిచ్చుట యెట్లు? పెయింటు పూసినచో పాదముల రాపిడికి అది క్రమముగా లేచిపోవును. ఇట్టి గచ్చునకు ఆమ్లవర్ణము, అనగా ఆసిడ్ స్టెయిన్, తగిన యుపాయము. అందు జరుగు చర్యను, ఇంట దానిని వేయు విధమును, మేము చేసిన పొరపాటులను ఈ పాఠమున వివరించెదము.

ఇందు జరుగు చర్య

సున్నపురాతిని, బంకమట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చి, పొడిచేసి సిమెంటును తయారుచేయుదురు. అది నీటితో కలిసి గట్టిపడునప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు, అనగా తడిసున్నము, కూడ పుట్టి గచ్చునందే నిలిచియుండును. ఈ సున్నమే మన పనికి ఆధారము.

ఆమ్లవర్ణమునందు నీరు, కొంత హైడ్రోక్లోరిక్ ఆమ్లము, లోహలవణములు ఉండును. ఆమ్లము గచ్చు పైపొరను సన్నగా కొఱికి రంధ్రములను తెఱచును. లోహలవణములు ఆ రంధ్రములలోనికి దిగి, సున్నముతో చర్య నొంది, నీట కరగని రంగుపదార్థములుగా మారి అచ్చటనే నిలిచిపోవును. ఇనుప లవణములు పసుపు కలసిన గోధుమవన్నె మొదలు ఎఱ్ఱమట్టివన్నె వఱకు ఇచ్చును. మాంగనీసు లవణములు ముదురు గోధుమ, నలుపు వన్నెల నిచ్చును. రాగి లవణములు నీలి, ఆకుపచ్చ ఛాయల నిచ్చును. అయితే తేమ తగులుచోట ఇవి కాలక్రమమున నల్లబడవచ్చును.

కావున ఈ రంగు గచ్చునందలి సున్నముతో కూడి పుట్టునది. ఆ సున్నము అంతటను సమముగ ఉండదు గనుక రంగును ఎల్లెడల ఒక్కతీరుగ రాదు. మబ్బులు కమ్మినట్లు హెచ్చుతగ్గులతో కనబడును. పగుళ్లను, మరమ్మతుల గుర్తులను ఇది కప్పదు. మఱింత స్పష్టముగ చూపును. గచ్చు ఎట్టిదో రంగును అట్టిదే.

మా పొరపాటులు

కొన్ని సంవత్సరములకు పూర్వము మా యింటి ముందుగదికి మేమే యీ పని చేసితిమి. రంగు చూడవలెనను ఆత్రముతో గచ్చును చీపురుతో ఊడ్చి, ఒకసారి నీళ్లు చల్లి, పని ముగిసినదనుకొంటిమి. కిరసనాయిలు డబ్బా పెట్టుచుండిన మూల నూనె ఇంకియుండుటచే రంగు పట్టక, గుండ్రని తెల్లమచ్చ మిగిలెను. తరువాత సరిగా కడుగకయే పైపూత వేసితిమి. రెండు నెలలలో అది పొరలుపొరలుగా లేచిపోయెను.

ఇంతకంటె పెద్ద తప్పు వేఱొకటి. గుమ్మమునకు అడ్డు పెట్టలేదు. చెప్పులు వాకిట విడిచి లోనికి వచ్చుట మన యింటి ఆచారము గదా! మా చిన్నకుమార్తె బడినుండి వచ్చి, వట్టికాళ్లతో ఆ తడిగచ్చుపై రెండడుగులు వేసెను. వెంటనే నీళ్లక్రింద పాదములు చాలసేపు కడుగగా, ఎఱ్ఱబడి మండుటతో పోయెను. ఆ రెండు దినములు మేము ఆ బిడ్డ ముఖము చూడలేకపోతిమి. ఈ పాఠము వ్రాయుటకు అదియే ముఖ్యకారణము.

చేయవలసిన విధము

1. కొత్త గచ్చు అయినచో కనీసము 28 దినములు ఆఱనియ్యవలెను. పాత గచ్చు అయినచో నూనె, మైనము, పెయింటు పూర్తిగా తొలగించవలెను. పిమ్మట నీటిచుక్క వేసి చూడుడు. నీరు ఇంకినచో గచ్చు సిద్ధము. ముత్యమువలె నిలిచినచో మరల శుభ్రము చేయవలెను.

2. గచ్చును ముందుగా వట్టి ఆసిడ్‌తో కడుగరాదు. అట్లు చేసినచో రంగు పుట్టించు సున్నమే పోవును.

3. అలమార క్రిందనో, మూలనో కొంతమేర ముందు వేసి చూడవలెను. డబ్బాపై ముద్రించిన రంగు మీ గచ్చుపై వచ్చునని నమ్మరాదు.

4. లోహభాగములు లేని ప్లాస్టిక్ పిచికారితో చల్లి, కుంచెతో వలయములుగా రుద్దవలెను. సుద్దగా మారిన సున్నమునుండి బొగ్గుపులుసుగాలి వెడలుటచే నురుగు లేచును. తరువాత తయారుచేసినవారు చెప్పినన్ని గంటలు కదలింపక ఉంచవలెను.

5. లీటరు నీటికి సుమారు 30 గ్రాముల వంటసోడా కలిపి గచ్చును రుద్దికడిగినచో మిగిలిన ఆమ్లము విఱిగిపోవును. పిమ్మట నీరు తేటగా వచ్చువఱకు పలుమారులు కడుగవలెను. లిట్మసు కాగితముతో పరీక్షించుట మేలు.

6. గచ్చు బాగుగ ఆఱిన పిమ్మట సీలరు అను రక్షకపూత వేయవలెను. రంగు చెదరకున్నను, పైపూత అరుగును గనుక అప్పుడప్పుడు మరల వేయవలసియుండును.

జాగ్రత్తలు

రబ్బరు చేతితొడుగులు, కండ్లకు రక్షణ అద్దములు, కాళ్లకు రబ్బరు బూట్లు తప్పనిసరి. కిటికీలు, తలుపులు తెఱచియుంచవలెను. అయితే గుమ్మమునకు బల్ల అడ్డుపెట్టి పిల్లలను రానీయరాదు. నీరు కలుపవలసివచ్చినచో నీటిలో ఆమ్లమును పోయవలెను. ఆమ్లములో నీటిని ఎన్నడును పోయరాదు. బ్లీచింగ్ పౌడరు దరిచేర్చరాదు. రెండును కలిసినచో విషమైన క్లోరిను వాయువు పుట్టును. కంటిలో పడినచో వెంటనే 15 నిమిషములకు తక్కువకాకుండ మంచినీటితో కడిగి వైద్యుని యొద్దకు పోవలెను. కడిగిన నీరు తోటలోనికిగాని చెరువులోనికిగాని పోనీయరాదు; రాగి లవణములు చేపలకు విషము.

విద్యార్థులు ఈ పనిని స్వయముగ చేయరాదు. చర్యను చూడగోరువారు విఱిగిన పాత సిమెంటు పెల్లపై నిమ్మరసపు చుక్క వేయుడు. సన్నని బుడగలు లేచుట కనబడవచ్చును. ఏల లేచినవో పై పాఠమునుబట్టి మీ నోటుపుస్తకములలో వ్రాయుడు.

తలిదండ్రులకు మేము విన్నవించునది ఒక్కటే. ఈ పనిలో రంగు చల్లుట ఒక పూట. దానికి ముందు శుభ్రము చేయుట, తరువాత కడుగుట అనేక పూటలు. ఆ పూటలను తగ్గించుకొనబోయి మేము నష్టపోతిమి. మా ముందుగదిలో తెల్లమచ్చ నేటికిని ఉన్నది. దానిపై చాప పఱచి దాచవచ్చును గాని, మేము అట్లు చేయలేదు.