ఉక్కు రేకు లేని ప్రతినాదం

పిల్లలూ, బదిలీ మీద వెళ్లిన కొత్త క్వార్టర్‌లోకి మొదటిసారి అడుగుపెట్టి ఎప్పుడైనా గట్టిగా పిలిచి చూశారా? సామాను దిగకముందు ఖాళీ గది మన మాటను కాసేపు పట్టుకుని ఉంటుంది. మంచాలు, పరుపులు, పుస్తకాల పెట్టెలు వచ్చాక అదే గది మూగబోతుంది. ఊళ్లు తిరిగే మనకు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. దీని పేరు ప్రతినాదం.

ప్రతిధ్వని వేరు, ప్రతినాదం వేరు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే మాట వెళ్లి రావడానికి సెకనులో పదోవంతు పడుతుంది. అప్పుడు అది విడిగా వినిపిస్తుంది. అది ప్రతిధ్వని. గోడలు దగ్గరగా ఉంటే వేల ప్రతిధ్వనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మాట వెనక తోకలా సాగుతాయి. అది ప్రతినాదం.

ఈ ఏడాది డిగ్నాబాద్‌లో మాకు ఆ తోకతోనే పని పడింది. మా తెలుగు జట్టు ఒక శ్రవ్య నాటిక రికార్డు చేసింది. అందులో పాడుబడ్డ బావిలోంచి ఒక ముసలమ్మ మాట్లాడుతుంది. ఆ పాత్ర వేసింది ఎనిమిదో తరగతి అమ్మాయి. రేకుల కప్పు మీద వాన చప్పుడు వినపడకుండా కిటికీలకు దుప్పట్లు కట్టి రికార్డు చేశాం. మాట శుభ్రంగా వచ్చింది గానీ, బావి మాత్రం రాలేదు. మళ్లీ చేద్దామనుకునేలోపు వాళ్ల నాన్నగారికి బదిలీ వచ్చింది, ఆ అమ్మాయి విశాఖ ఓడ ఎక్కింది. మా దగ్గర మిగిలింది ఆ గొంతు ఒక్కటే. ఇక బావిని లెక్కలతో కట్టాల్సిందే.

ఈ అవసరం పాతదే. 1957లో జర్మనీకి చెందిన ఈఎంటీ సంస్థ 140 అనే యంత్రాన్ని తెచ్చింది. సుమారు రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకును చట్రంలో బిగించి వేలాడదీశారు. ఒకచోట పాటతో రేకును కదిలిస్తారు, మరోచోట ఆ కంపనాన్ని పట్టుకుంటారు. అలలు అంచులకు తగిలి తిరిగి తిరిగి వస్తాయి. దీన్నే ప్లేట్ రివర్బ్ అంటారు. అయితే ఆ యంత్రాన్ని ఎత్తాలంటే నలుగురు కావాలి!

1960ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఇదే పని అంకెలతో చేయవచ్చని చూపాడు. 1997లో జాన్ డట్టారో ప్లేట్ తరహా రివర్బ్ పద్ధతిని అంకెలతో సహా ప్రచురించాడు. మేము పట్టుకున్నది అదే.

మొదటి మెట్టు: మాటను చెదరగొట్టడం. దీనికి ఆల్‌పాస్ ఫిల్టర్లు నాలుగు, వరసగా. ఒక్కోటి ధ్వనిని కాసేపు దాచి, కొంత తిరగేసి బయటికి పంపుతుంది. ఏ స్థాయి స్వరమైనా బలం తగ్గదు, కాలంలో మాత్రం పరుచుకుంటుంది. డట్టారో ఇచ్చిన ఆలస్యాలు 142, 107, 379, 277 శాంపిళ్లు. అవి సెకనుకు 29,761 శాంపిళ్ల లెక్క. మా రికార్డింగు 44,100లో ఉంది కాబట్టి ఒక్కోదాన్ని దాదాపు 1.48తో హెచ్చించాం.

రెండో మెట్టు: తిప్పడం. రెండు పాయలు ఉంటాయి. ఒక్కో పాయలో ఆల్‌పాస్, పొడవైన ఆలస్యం, పై స్వరాలను కాస్త తగ్గించే ఫిల్టర్, క్షయ గుణకం, మళ్లీ ఆల్‌పాస్, మళ్లీ ఆలస్యం. మొదటి పాయ చివర రెండోదాని మొదట్లోకి, రెండోదాని చివర మొదటిదానిలోకి కలుస్తుంది. ఎనిమిది అంకె గీసినట్టు ధ్వని తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో అక్కడక్కడా కొంచెం కొంచెం తీసుకుని ఎడమ, కుడి చెవులకు వేరువేరుగా ఇస్తాం.

మేము రెండు తప్పులు చేశాం. గుర్తుంచుకోవడానికి తేలికని ఆలస్యాలను 200, 100, 400, 200గా మార్చాం. మాట రేకు డబ్బా కొట్టినట్టు మోగింది. ఎందుకు? తాళం వేసి చూడండి. ఒకరు 4 అక్షరాలకు, మరొకరు 8 అక్షరాలకు చప్పట్లు కొడితే ప్రతి ఎనిమిదికీ కలుస్తారు. 5, 7 అయితే 35 దాకా కలవరు. క.సా.గు. పెద్దదైతే ధ్వనులు ఒకేచోట పోగుపడవు, సమంగా పరుచుకుంటాయి. మీరు లెక్కల తరగతిలో నేర్చుకున్నది ఇక్కడ చెవికి వినిపిస్తుంది.

రెండో తప్పు క్షయ గుణకం 1.1 పెట్టడం. ఎక్కువైతే మంచిదనుకున్నాం. ప్రతి చుట్టుకూ ధ్వని పెరిగి అరుపుగా మారింది, పిల్లలు చెవులు మూసుకున్నారు. గుణకం ఒకటి కన్నా తక్కువ ఉండాలి. ప్రతి చుట్టుకూ కొంత వదులుకుంటేనే తోక సహజంగా సన్నగిల్లుతుంది. చివరికి 0.7 దగ్గర బావి దొరికింది.

ఫైలు విశాఖకు పంపాం. మెచ్చుకుంటుందనుకుంటే జవాబు ఇలా వచ్చింది: "టీచర్, బావి బాగుంది. కానీ నేనేమంటున్నానో మా నానమ్మకు అర్థం కాలేదు." నిజమే. ప్రతినాదం మాటను మింగేసింది. దాన్ని సగానికి తగ్గించి, అసలు గొంతును ముందుకు తెచ్చి మళ్లీ పంపాం. ఈసారి నానమ్మ నాటిక మొత్తం విన్నారట. ఊరు మారినా మాట తెలియాలి కదా, హంగు దాని తరవాతే.

మీరూ చేయండి: గుణకం 0.5 తీసుకోండి. ఒక్క చప్పట్‌ను 1 అనుకోండి. కొత్తగా వచ్చినదానికి ముందు దాచినదానిలో సగం కలిపి దాచండి. ముందు దాచినదాని నుంచి ఇప్పుడు దాచినదానిలో సగం తీసేసి బయటికి పంపండి. వరసగా −0.5, 0.75, 0.375, 0.1875 వస్తాయి. వాటి వర్గాలు కూడుతూ పోండి. మొత్తం ఏ సంఖ్యకు దగ్గరవుతుందో, దాని అర్థం ఏమిటో మీ సైన్సు టీచర్‌తో మాట్లాడండి.