సర్కారు తుమ్మ

తుంగభద్రా తీరాన వెలసిన మంత్రాలయం నుండి ఎమ్మిగనూరు వైపు వేసవిలో సాగిపోయే బాటసారికి పంట కోసిన చేలు బోసిగా కనిపిస్తాయి. బాటకు ఇరువైపులా, బీళ్ళలో ఒక చెట్టు మాత్రం పచ్చగా నిలిచి ఉంటుంది. సీమ ప్రజలు దానిని కంపచెట్టు అంటారు. ప్రభుత్వం నాటించినది కనుక సర్కారు తుమ్మ అన్న పేరూ దానికి స్థిరపడింది. కన్నడిగులకు అది బళ్ళారి జాలి. దాని శాస్త్రీయ నామం ప్రొసోపిస్ జూలిఫ్లోరా.

పేరులో తుమ్మ ఉన్నా ఇది మన నల్లతుమ్మ కాదు. నల్లతుమ్మ పూలు పసుపుపచ్చని బంతుల వలె గుండ్రంగా ఉంటాయి. దీని పూలు వేలెడు పొడవున కంకులుగా వేలాడుతాయి. నిజానికి దీనికి దగ్గరి చుట్టం జమ్మి. శాస్త్రజ్ఞులు చిరకాలం ఈ రెంటినీ ఒకే ప్రజాతిలో చేర్చారు. పాండవులు ఆయుధాలను దాచిన శమీవృక్షానికి, ఎవరూ మొక్కని ఈ కంపకు అంతటి బాంధవ్యం ఉండడం వింతే.

ఈ చెట్టు పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతాలు. 1876–78 నాటి ధాత కరవు బళ్ళారి, కర్నూలు, కడప మండలాలను కబళించిన కాలంలోనే అది ఇక్కడ అడుగుపెట్టింది. మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా ఉన్న బెడ్డోమ్ కోరికపై తెప్పించిన విత్తనాలను 1877లో కడప మండలంలోని కమలాపురంలో నాటారు. మెట్టనేలలో వంటచెరకు సమకూర్చే చెట్టుగా అది ఆదరం పొందింది.

ఆ ఆశ వమ్ము కాలేదు. ఏడాదికి రెండు మూడు వందల మిల్లీమీటర్ల వాన చాలు. చౌడునేల అయినా దానికి సమ్మతమే. వేళ్ళు లోతుకు దిగి భూగర్భజలాన్ని అందుకుంటాయి. గట్టి మంచు తప్ప దానికి వెరపు లేదు; సీమలో ఆ మంచు కురియదు.

చిక్కంతా దాని కాయలలో ఉంది. ఆకును మేకలు సైతం ముట్టవు కాని, తియ్యని కాయలను పశువులు ఇష్టంగా మేస్తాయి. గట్టి పెంకుగల గింజలు అరగక పేడతో, పెంటికలతో బయటపడి, ఆ ఎరువులోనే మొలకెత్తుతాయి. మంద నడిచిన దారి వెంట కంప పుడుతుంది. అది దట్టంగా అల్లుకున్న చోట గడ్డి మొలవదు; గడ్డి లేని పశువు మళ్ళీ కాయలనే ఆశ్రయిస్తుంది. మితిమీరి తిన్న పశువుకు దవడ కండరాలు చచ్చుబడే జబ్బు వస్తుంది. కెన్యాలోని బారింగో ప్రాంత పశుపాలకులు ఈ చెట్టు విషయమై 2006లో ప్రభుత్వంపై దావా వేసి, కాయలు తిని పళ్ళూడిన మేకను సాక్ష్యంగా న్యాయస్థానానికి తీసుకొని వెళ్ళారు! గుజరాత్‌లోని కచ్ఛ్ ప్రజలు దీనిని ‘గాండో బావళ్’, అనగా పిచ్చి తుమ్మ, అని పిలుస్తారు. అక్కడి బన్నీ పచ్చికబయళ్ళలో అటవీశాఖ 1961లో దానిని విస్తారంగా నాటించింది. పశుపోషణపై బ్రతికే ఆ పల్లెలు పచ్చికను పోగొట్టుకొన్నాయి.

అయినను దానిని సమూలంగా తొలగించాలనడం తొందరపాటే. సెంటు భూమి లేని కుటుంబాలకు పొయ్యిలోకి ఆ కట్టెలే దిక్కు. బొగ్గు కాల్చి అమ్ముకొనేవారు ఉన్నారు. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. చెరువులు, మేతబీళ్ళు, వాగుల ఒడ్డులు మాత్రం దానికి వదలదగినవి కావు. అక్కడ గొడ్డలితో నరికితే చాలదు. మోడు నుండి నాలుగైదు కొమ్మలు మరల చిగురిస్తాయి. నేలకు అడుగు లోతున వేరును త్రవ్వి తీయాలి. తరువాత కూడా కొన్నేళ్ళపాటు తొలకరి వానలకు పుట్టే మొలకలను పీకుతూ, ఖాళీ అయిన నేలలో గడ్డి విత్తనం చల్లుతూ ఉండాలి.