అర్ధరాత్రి శంషాబాద్‌లో దిగితే...

ప్రశ్న: మేం నలుగురం, నాలుగు పెద్ద సూట్‌కేసులు. రాత్రి రెండింటికి శంషాబాద్‌లో దిగుతాం. హోటల్ సికింద్రాబాద్‌లో. పుష్పక్ బస్సు మేలా, క్యాబా?

జవాబు: క్యాబే. ఒంటరిగా, ఒక్క పెట్టెతో వచ్చేవారికైతే ఆర్టీసీ పుష్పక్‌నే చెప్పేవాణ్ని. ఖర్చు బాగా తక్కువ. కానీ అది స్టాపులో దింపుతుంది, హోటల్ గుమ్మంలో కాదు. ఆ వేళ రోడ్డు మీద నాలుగు పెట్టెలతో ఆటో బేరాలెందుకు? మెట్రో ఇంకా విమానాశ్రయం దాకా రాలేదు.

అయితే చిన్న క్యాబ్ బుక్ చేయకండి. చాలా వాటికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది, అక్కడ ఒక పెద్ద పెట్టె పట్టడమే గగనం. ఎర్టిగా, ఇన్నోవా లాంటిది తీసుకోండి. అందులోనూ వెనక వరుస మడిస్తేనే సామానుకు చోటు. ఒకరు ముందు, ముగ్గురు మధ్యలో సర్దుకోవచ్చు.

అసలు చిక్కు గది దగ్గర. హోటళ్లలో చెక్ఇన్ సాధారణంగా మధ్యాహ్నం పన్నెండుకో, రెండుకో. మీరు తెల్లవారుజామున చేరతారు కాబట్టి గదిని ముందురోజు తేదీకే బుక్ చేసి, ఆలస్యంగా వస్తామని హోటల్‌కు ఫోన్‌లో చెప్పండి.