తిరగబెట్టిన అమిలాయిడోసిస్‌కు మందుల కలయిక

"ఒకసారి వైద్యం చేయించాం కదా, మళ్లీ సాయం ఎందుకు?" దాతలు ఇలా అడగడం సహజమే. లైట్ చెయిన్ అమిలాయిడోసిస్ విషయంలో జవాబు ఆ జబ్బు స్వభావంలోనే ఉంది.

ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు రోగాలను ఎదుర్కొనే ప్రొటీన్లను తయారుచేస్తాయి. వాటిలో ఒక గుంపు గాడి తప్పితే, సరిగా మడతపడని లైట్ చెయిన్ ముక్కలు రక్తంలోకి వస్తాయి. అవి సన్నని పోగులుగా మారి గుండెలో, మూత్రపిండాల్లో, కాలేయంలో, నరాల్లో పేరుకుంటాయి. మూత్రంలో నురగ, కాళ్లవాపు, ఆయాసం, నాలుక మందమవడం, కళ్ల చుట్టూ కమిలిన మచ్చలు కనిపిస్తాయి. షుగరేమో, వయసేమో అనుకుంటుండగానే నెలలు గడిచిపోతాయి.

ఇప్పుడు ఎక్కువగా వాడే మందులు ఆ కణాలను అణచేవే గాని, అవయవాల్లో పేరుకున్నదాన్ని కడిగేసేవి కావు. కొన్ని కణాలు మిగిలినా జబ్బు తిరగబెట్టవచ్చు. అప్పుడు ఒకే మందు మీద ఆధారపడకుండా రెండు మూడు కలిపి ఇస్తారు. బోర్టెజోమిబ్ కణంలోని చెత్త ప్రొటీన్లను తొలగించే ఏర్పాటును ఆపుతుంది. డారటుముమాబ్ కణం పైనున్న సీడీ38 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. లెనలిడోమైడ్, పోమలిడోమైడ్ మరో దారిలో పనిచేస్తాయి. వీటికి తోడుగా చాలాసార్లు డెక్సామెథసోన్ ఉంటుంది. అది షుగర్ పెంచుతుంది. బోర్టెజోమిబ్‌తో కాళ్ల తిమ్మిర్లు రావచ్చు. అందువల్ల పక్కింటివారికి పనిచేసిన చీటీ ఇక్కడ పనికిరాదు.

ముందే వైద్యం పొందిన 168 మందిపై జరిగిన టూర్మలిన్-ఏఎల్1 అధ్యయనం ఆలోచింపజేస్తుంది. ఇక్సజోమిబ్, డెక్సామెథసోన్ కలిపి ఇచ్చినవారిలో 53 శాతం మందికి రక్తంలో మెరుగు కనిపించింది. వైద్యులు ఎంచుకున్న ఇతర మందులతో 51 శాతం మందికి. అంటే అనుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. కానీ గుండె లేదా మూత్రపిండాలు దిగజారడానికి, లేదా మరణానికి పట్టిన మధ్యస్థ కాలం 26 నెలల నుంచి సుమారు 35 నెలలకు పెరిగింది. ఇంట్లో సంపాదించే మనిషికి ఆ తేడా చిన్నది కాదని మేము భావిస్తాం.

రక్తంలో లైట్ చెయిన్లు తగ్గడం ముందు కనిపిస్తుంది. అవయవం కోలుకోవడానికి ఇంకా చాలా నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలోనే "గుణం లేదు" అని డబ్బు ఆపేయడం పెద్ద పొరపాటు. మొదటి ఇంజెక్షన్‌కు సాయం చేసి పరీక్షలకు చేయకపోతే, మందు పనిచేస్తున్నదో లేదో వైద్యుడికే తెలియదు. కాబట్టి అర్జీతోపాటు తాజా ఫ్రీ లైట్ చెయిన్, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ రిపోర్టులు, ఇంతకుముందు వాడిన మందుల జాబితా మేము అడుగుతాం.