నిమ్మసోడా కంపెనీ నేర్పిన షేర్ మార్కెట్ పాఠం

రాత్రి వార్తల్లో ‘సెన్సెక్స్ ఇన్ని పాయింట్లు పెరిగింది, నిఫ్టీ ఇన్ని పాయింట్లు తగ్గింది’ అని చదువుతారు. క్రికెట్ స్కోరు లాగే వినిపిస్తుంది గానీ ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో మాకు అర్థమయ్యేది కాదు. పోయిన ఏడాది తొమ్మిదో తరగతిలో మేమే ఒక చిన్న కంపెనీ నడిపాక కొంత అర్థమైంది. అందులో మాకు లాభం వచ్చింది, ఒక స్నేహితురాలికి నష్టం వచ్చింది. ఆ రెండూ కలిస్తేనే ఈ పాఠం.

షేరు అంటే ఏమిటి?

బడిలో బాలల దినోత్సవం, క్రీడల రోజు, వార్షికోత్సవం – ఈ మూడు సందర్భాల్లో నిమ్మసోడా దుకాణం పెట్టుకోవడానికి మాకు అనుమతి దొరికింది. నిమ్మకాయలు, సోడా సీసాలు, పంచదార, ఐసు, గ్లాసులు కొనడానికి 2,000 రూపాయలు కావాలి. అంత డబ్బు ఒక్కరి దగ్గర లేదు. అప్పుడు మా సార్ ఒక దారి చెప్పారు. ఆ 2,000ను 20 సమాన భాగాలు చేశాం. ఒక్కో భాగం 100 రూపాయలు. ఆ భాగమే షేరు, అంటే వాటా. ఒక షేరు కొన్నవాళ్లకు దుకాణంలో ఇరవయ్యో వంతు సొంతం. షేరు అప్పు కాదు. దుకాణం నడిస్తే లాభంలో వాటా వస్తుంది, నడవకపోతే నష్టంలోనూ వాటా తప్పదు.

నవంబరు 14న 1,200 ఖర్చు పెట్టాం, 1,800 వచ్చింది. లాభం 600. అందులో 300 డబ్బాలోనే ఉంచి, మిగిలిన 300 పంచుకున్నాం. షేరుకు 15 రూపాయలు వచ్చింది. ఇలా పంచే లాభాన్ని డివిడెండ్ అంటారు. ఇప్పుడు డబ్బాలో 2,300 ఉంది, అంటే షేరుకు 115.

ధర ఎవరు పెడతారు?

లాభం సంగతి తెలియగానే పక్క సెక్షన్ వాళ్లకూ మా షేరు మీద ఆశ పుట్టింది. సార్ నల్లబల్ల మీద గీత గీసి ఒక వైపు కొనేవాళ్ల ధరలు, మరో వైపు అమ్మేవాళ్ల ధరలు రాయించారు. కొనేవాళ్లు 118, 115, 110 అన్నారు. అమ్మేవాళ్లు 120, 125, 130 అన్నారు. బేరం కుదరలేదు. కాసేపటికి 118 అన్న అబ్బాయి ఇంకో రెండు రూపాయలు పెంచాడు. ఒక షేరు 120కి చేతులు మారింది.

అప్పుడు రెండు విషయాలు గమనించాం. మొదటిది, ఆ 120 అమ్మినవాడికి వెళ్లింది, సోడా డబ్బాలోకి రాలేదు. కంపెనీకి డబ్బు వచ్చేది అది మొదటిసారి షేర్లు అమ్మినప్పుడే. రెండోది, అమ్ముడుపోయింది ఒక్క షేరే. మిగతా 19 ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా అందరం ‘మన షేరు 120 అయింది’ అని గంతులు వేశాం. నిజానికి మా ఎవరి జేబులోనూ ఒక్క రూపాయి పెరగలేదు.

అసలు మార్కెట్టూ ఇలాగే పుట్టింది. 1850ల ప్రాంతంలో బొంబాయి టౌన్ హాల్ ముందు మర్రిచెట్ల నీడలో దళారులు చేరి బేరాలు చేసేవారు. వాళ్లే 1875లో సంఘంగా ఏర్పడ్డారు. అదే నేటి బాంబే స్టాక్ ఎక్స్ఛేంజ్. ఆసియాలో అన్నిటికన్నా పాతది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1992లో ఏర్పడింది. ఇప్పుడు నల్లబల్ల పని కంప్యూటర్ చేస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా, సెలవులు తప్పించి, ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు కొనేవారినీ అమ్మేవారినీ కలుపుతుంది. షేర్లు కాగితాలుగా కాక డీమ్యాట్ ఖాతాలో ఉంటాయి. మోసాలు జరగకుండా చూసే సంస్థ సెబీ. దానికి 1992లో చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి.

సెన్సెక్స్ అంటే బాంబే స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోని 30 పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి చూపే సూచీ. 1978–79ని 100గా తీసుకుని దాన్ని లెక్కకడతారు. నిఫ్టీలో 50 కంపెనీలు ఉంటాయి. తరగతి సగటు మార్కులు పెరిగినంత మాత్రాన మన మార్కులు పెరగవు కదా! సూచీ పెరిగినా మన దగ్గరున్న షేరు తగ్గవచ్చు.

బదిలీ ఉత్తర్వు వచ్చింది

డిసెంబరులో క్రీడల రోజున పొద్దుటి నుంచి చలిగాలి, వాన. సోడా ఎవరు తాగుతారు? 900 ఖర్చయితే 300 మాత్రమే వచ్చింది. డబ్బాలో 1,700 మిగిలింది, అంటే షేరుకు 85.

ఆ వారంలోనే మా స్నేహితురాలి నాన్నగారికి బదిలీ అయింది. మార్చి దాకా ఆగే బదిలీ కాదు, పది రోజుల్లో చేరాలి. ఆమె దగ్గర రెండు షేర్లు ఉన్నాయి. వెళ్లేలోగా అమ్మేయాలనుకుంది. నల్లబల్ల మీద కొనేవాళ్ల వైపు అన్నిటికన్నా పెద్ద ధర 70. డబ్బాలో షేరుకు 85 ఉన్నా, ‘మళ్లీ వాన పడితే?’ అనే భయం ఆ 15ని మింగేసింది. ఆమె రెండూ 70 చొప్పున మాకే అమ్మి, 140 తీసుకుని వెళ్లిపోయింది.

జనవరిలో వార్షికోత్సవం. ఎండ కాసింది, తల్లిదండ్రులంతా వచ్చారు. 1,500 ఖర్చుకు 2,800 వచ్చింది. డబ్బాలో 3,000 అయింది. కంపెనీ మూసేసి షేరుకు 150 చొప్పున పంచుకున్నాం. ఆమె ఉండి ఉంటే 300 వచ్చేది.

ఆ రోజు ఎవరికీ సంతోషం లేదు. తేడా 160 రూపాయలు ఆమెకు పంపాలని కొందరం అన్నాం. బేరం బేరమే అని కొందరం వాదించాం. సార్ అంతా విని ఒక్క ప్రశ్న అడిగారు: “వార్షికోత్సవం రోజు కూడా వాన పడి ఉంటే, డబ్బు వెనక్కి పంపమని ఆమెకు ఉత్తరం రాసేవారా?”

ఎవరం మాట్లాడలేదు. ఆమె తెలివితక్కువ పని చేయలేదు, మేము మోసం చేయలేదు. మాకు జనవరి దాకా ఆగే వీలుంది, ఆమెకు లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

పెద్ద మార్కెట్‌లోనూ ఇదే కథ

కరోనా రోజుల్లో, 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే సుమారు 13 శాతం పడిపోయింది. మధ్యలో 45 నిమిషాలు వ్యాపారం ఆపేశారు కూడా. అదే సెన్సెక్స్ నవంబరుకల్లా ఆ ఏడాది జనవరిలో చేరిన గరిష్ఠ స్థాయిని దాటింది. ఆగగలిగినవారు కోలుకున్నారు. ఆస్పత్రి ఖర్చుకో, ఇంటి అద్దెకో మార్చిలోనే అమ్ముకున్నవారికి ఆ నవంబరు అందలేదు.

అలాగని ఓపిక ఒక్కటే చాలదు. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో లేని డబ్బును ఉన్నట్టు చూపామని 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మనే ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజులో షేరు విలువ ముప్పావు వంతుకు పైగా కరిగిపోయింది. అందుకే తెలిసినవారు డబ్బంతా ఒకే కంపెనీలో పెట్టరు. ‘ఈ షేరు రేపే రెట్టింపవుతుంది’ అని ఫోన్‌కు వచ్చే సందేశాలను అసలే నమ్మరు.

మన ఇళ్లలో సామాన్లు కట్టిన అట్టపెట్టెలు పూర్తిగా విప్పకముందే మళ్లీ కట్టాల్సి వస్తుంటుంది. కొత్త ఊళ్లో అద్దె అడ్వాన్సు, బడి యూనిఫారాలు, గ్యాస్ కనెక్షన్ – ఏదీ మార్కెట్ పెరిగేదాకా ఆగదు. త్వరలో కావలసిన డబ్బును బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉంచి, చాలా ఏళ్లు ముట్టుకోనక్కరలేని డబ్బునే షేర్లలో పెట్టాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

చేసి చూడండి

ఒక నోటుబుక్కులో 10,000 రూపాయల ఊహా ధనంతో ఐదు కంపెనీల షేర్లు కొన్నట్టు రాసుకోండి. ప్రతి శుక్రవారం ధరలు రాయండి. ఒక స్నేహితుణ్ణి మీకు చెప్పకుండా ఏదో ఒక తేదీ చీటీ మీద రాసి దాచమనండి. అదే మీ ‘బదిలీ తేదీ’. ఆ రోజు చీటీ విప్పి, ఏ ధర ఉన్నా అన్నీ అమ్మినట్టు లెక్క కట్టండి.

లెక్కల కాగితం నకలు ఒకటి మా స్నేహితురాలికి పంపాం. ఈ ఏడాది మళ్లీ సోడా కంపెనీ పెడుతున్నాం. ఈసారి షేరు కొనడానికి వచ్చే ప్రతివారినీ ముందుగా ఒక ప్రశ్న అడుగుతాం: “ఈ డబ్బు నీకు మళ్లీ ఎప్పుడు కావాలి?”