బావికి లెక్క, నీటికి లెక్క

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

మా రాయలసీమలో డబ్బును కూడా "లెక్క" అంటారు. "బోరుకు లెక్క కావాల" అని మా నాన్న అన్నాడంటే అప్పు పుట్టించాలని అర్థం. ఎండిపోతున్న బావులను బాగుచేయడానికి డబ్బు ఎవరివ్వాలి, దేనికివ్వాలి అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. నీటి లెక్క తెలియకుండా డబ్బు లెక్క తేలదని నా అభిప్రాయం.

మా తాత కాలంలో మా చేనికి నలభై అడుగుల కపిల బావి ఉండేది. ఎద్దులు పోయి మోటారు వచ్చింది. నీరు దిగిపోతే బావిని లోతు చేశారు. తర్వాత బావిలోనే బోరు వేశారు. ఆ తర్వాత చేనిలో మూడు బోర్లు పడ్డాయి. రెండు ఒట్టిపోయాయి. అప్పు మాత్రం ఒట్టిపోలేదు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు.

భూమి లోపల ఏముంది?

అనంతపురం, చిత్తూరు ప్రాంతాలు, తెలంగాణలో అధిక భాగం గట్టిరాతి నేలలు. పైన కొంత మన్ను, దాని కింద శిథిలమైన రాయి, ఇంకా కిందికి పోతే గ్రానైటు, నైసు శిలలు ఉంటాయి. శిథిలమైన రాయి కొంత నీటిని పట్టి ఉంచుతుంది. దాని కింది గట్టిరాతిలో నీరుండేది పగుళ్లలో మాత్రమే. ఆ పగుళ్లకు నీరు పై పొర నుంచే దిగాలి. కనుక లోతుకు పోయినకొద్దీ కొత్త నీరు పుట్టదు. పైనున్న నీరే తొందరగా కిందికి జారుతుంది. బావి ఎండడానికి కారణం చాలావరకు బావిలో లేదు, చుట్టూ ఉన్న చేలలో ఉంది.

ఒక ఎకరా లెక్క

అనంతపురం ప్రాంతంలో ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇలాంటి నేలల్లో అందులో పదోవంతు ఇంకుతుందనుకుందాం. అంటే 55 మిల్లీమీటర్లు, ఎకరానికి సుమారు 2,20,000 లీటర్లు.

రబీలో వాన సాయం లేకుండా వరి పండించాలంటే సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. 1,200ను 55తో భాగిస్తే దాదాపు 22 వస్తుంది. ఒక ఎకరా వరి కోసం 22 ఎకరాలలో ఏడాదిపాటు ఇంకిన వాన తోడేస్తున్నామన్నమాట! వేరుశెనగకు సుమారు 500 మిల్లీమీటర్లు చాలు, అంటే 9 ఎకరాల వాన. మడిలో నుంచి తిరిగి ఇంకేది కొంత ఉన్నా, ఈ తేడా తేడాయే.

డబ్బు రెండు దారులు

2007–08 కేంద్ర బడ్జెటులో సేద్యపు బావులలోకి వాననీటిని దింపే పథకం ఒకటి ప్రకటించారు. గట్టిరాతి నేలలున్న ఏడు రాష్ట్రాలకు అది వర్తించింది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సుమారు 44.5 లక్షల బావులు, దాదాపు 1,800 కోట్ల రూపాయలు అంచనా. బావికి సగటున 4,000 రూపాయలు. చేనిలో పారే నీటిని గుంతకు మళ్లించి, మట్టి అడుక్కి దిగాక గొట్టం ద్వారా బావిలోకి వదలాలి. సన్నకారు, చిన్నకారు రైతులకు ఖర్చంతా సబ్సిడీ, ఇతరులకు సగం.

ఆలోచన మంచిదే. నీళ్లు తోడుకోవడానికి పనికిరాని బావి నీళ్లు దింపడానికి పనికొస్తుంది. అయితే ఒక చిక్కుంది. బావి నాదే గాని, అందులో దింపిన నీరు నాది కాదు. రాతి పగుళ్లకు గట్లు లేవు. నేను దింపిన నీటిని పక్క చేని బోరు లాగేయవచ్చు.

రెండో దారి రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ప్రాజెక్టు. 2003 తర్వాత కొన్నేళ్లు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో అది సాగింది. నిధులు నెదర్లాండ్స్‌వి, తోడ్పాటు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థది. రైతులకు వానను, బావుల్లో నీటిమట్టాన్ని కొలవడం నేర్పారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని బడ్జెటు వేసుకునేవారు. బలవంతం లేదు, నిర్ణయం ఎవరిది వారిదే. అయినా లెక్క కళ్లెదుట కనబడేసరికి చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు.

నాన్న ప్రశ్న

నాలుగో బోరు ఆలోచనలో ఉన్న మా నాన్నకు ఇదంతా చెప్పాను. "బాగుందిరా, చీనీ చెట్లు ఎండిపోతాంటే నీ లెక్క పోస్తే బతుకుతాయా?" అన్నాడు. నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆయన అడిగింది న్యాయమే. బోరు వేయకుండా ఆగిన రైతుకు ఆ ఏడు ఆసరా లేకపోతే ఏ బడ్జెటూ నిలవదు.

కనుక బావుల కోసం ఇచ్చే డబ్బు మూడు భాగాలు కావాలి. మొదటిది, ఒక్కొక్క బావికి కాక, ఒక వాగు పరిధిలోని బావులు, కుంటలు అన్నిటికీ ఒకేసారి ఇవ్వాలి. రెండవది, ఊరూరా నీటిని కొలిచి రాసేందుకు. మూడవది, ఆగిన రైతుకు డ్రిప్పు, పక్క బోరు నుంచి పైపు వంటి వాటికి. నీరు ఉమ్మడిది కనుక పెద్ద వాటా ప్రభుత్వానిదే. ఊరివారిది కూడా డబ్బుగానో, పనిగానో కొంత ఉండాలి. లేకపోతే రెండో ఏడు గుంతలో పూడిక తీసే నాథుడుండడు.

మా నాన్న ఈ ఏటికి నాలుగో బోరు మానుకున్నాడు. మా చిన్నాన్న బోరు నుంచి చీనీ చెట్లకు పైపు వేసుకున్నాము. బదులుగా మా పాత కపిల బావిలోకి ఇద్దరి చేల వాననీరు దిగేటట్టు గుంత తవ్వాలని మాట అనుకున్నారు.

మిత్రులారా, మనలో చాలామందిమి చేను నుంచి వచ్చినవాళ్లమే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాడుకు రాయి కట్టి మీ బావిలో నీరెంత లోతున ఉందో కొలిచి రాసి పెట్టండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి. మన చదువు ఇంటికి తీసుకుపోగలిగిన మొదటి లెక్క అదే.