పదో తారీఖుకే పర్సు ఖాళీ

ప్రశ్న: హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. చేతిఖర్చులకు నాన్న ఒకటో తారీఖున 2,000 పంపిస్తారు. పదో తారీఖుకల్లా అయిపోతున్నాయి. ఎలా?

జవాబు: డబ్బు మరీ తక్కువేం కాదు, ఒకేసారి చేతికి రావడమే చిక్కు. వారానికి 450 చొప్పున విడగొట్టండి. నాలుగు వారాలకు 1,800. మిగిలిన 200 నెలాఖరు రెండు మూడు రోజులకూ, జ్వరం మాత్రలకూ.

మీ ఫోన్‌లోని యూపీఐ యాప్‌లో యూపీఐ లైట్ ఉంటుంది చూడండి. ఆదివారం రాత్రి అందులో 450 వేసుకుని, వారమంతా దాన్లోంచే చెల్లించండి. తగ్గగానే దానంతటదే నింపే ఆటో టాపప్ ఆపేయండి, లేకపోతే ఈ కట్టడి దండగ. చిన్న మొత్తాలకు పిన్ అడగదు కాబట్టి చెయ్యి జారడం తేలిక. పైగా బ్యాంకు పాస్‌బుక్‌లో మీరు వేసుకున్న 450 తప్ప చాయ్, జిరాక్స్ విడివిడిగా కనిపించవు (నాన్నకూ కనిపించవనుకోండి!). యాప్‌లో రెండ్రోజులకోసారి చూసుకోండి.

ఫోన్ రీచార్జి ఇందులో కలపొద్దు, నాన్ననే విడిగా అడగండి. అసలు గండి పడేది స్నేహితుల పుట్టినరోజు చందాల దగ్గర. కేకు ఆర్డరిచ్చాక గొణగడం కన్నా, ముందే చెప్పేయండి: నా వంతు యాభై.